కారుకి జ్వరమొచ్చిన మధ్యాహ్నం

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆ మాటకొస్తే నా కారు మీదా లేదు.

అరవైల చివరి మాట. పాతపట్నం దగ్గర మా పల్లె. విజయనగరంలో ఒక పాత కారు కొని అద్దెకు తిప్పేవాణ్ణి. పెట్రోలు భరించలేక, దాన్ని కిరసనాయిలు మీద నడిచేలా అక్కడి మేస్త్రీ చేత మార్పించాను. చిన్న డబ్బాలోని పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక కుళాయి తిప్పి కిరసనాయిలు వదలాలి. ఆపబోయే ముందు మళ్లీ పెట్రోలు మీదికి తేవాలి.

చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగానే కదిలేది. వేడి మీద ఆపితే మాత్రం అంతే సంగతులు. గొట్టంలో పెట్రోలు ఆవిరైపోయి, పంపు ఉత్త గాలి పీల్చేది. ప్లగ్గులు మార్చాను. గొట్టాన్ని సైలెన్సరుకి దూరంగా జరిపాను, దానికి ఆస్బెస్టాస్ తాడు చుట్టాను. ఫలితం లేదు. కారు కొని బేకారయ్యాడని ఊళ్లో అనేవారు. నేనేమీ అనుకునేవాణ్ణి కాదు, తోసేది వాళ్లే కదా.

మందు కనిపెట్టింది మా అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. భర్త పోయాక కూతురు పైడమ్మతో మా ఇంట్లోనే ఉండేది. ఒకరోజు నా అవస్థ చూసి అంది:

“ఒరే, దానికి జొరంరా. నెత్తిన తడిగుడ్డెయ్యి.”

“బండికి జొరమేటే అప్పా?”

“సిన్నప్పుడు నీకేస్తే లెగిసినావు కాదేటి? అదీ లెగుస్తాది.”

లేచింది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే చాలు. డ్రైవర్లంతా చేసే పనేనని తర్వాత తెలిసింది. ఆ మాట అప్పతో అనలేదు.

నేనైతే తువ్వాలు తడిపి ఎలాగోలా కుక్కేసేవాణ్ణి. అప్ప పద్ధతి వేరు. పాత చీర పేలికని తడిపి మూడు మడతలు పెట్టేది. గాలికి ఎగరకుండా చివర ఒక గులకరాయి ముడేసి వేలాడదీసేది.

తర్వాత ఆమెకి పచ్చకామెర్లు వచ్చాయి. ఆఖరి రోజుల్లో జ్వరానికి నుదుటి మీద తడిగుడ్డ మార్చింది నేనే. ఆమె లేవలేదు.

పైడమ్మ, అప్ప మాకు అప్పగించి వెళ్లిన పిల్ల. పెళ్లి చేశాం. తొలి కాన్పుకి మా ఇంటికే వచ్చింది. వైశాఖంలో ఒకనాడు తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని చెప్పింది. బయల్దేరేముందు బానెట్ ఎత్తి అంతా చూసుకున్నాను. దాని కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది. తాడుతో కట్టేవాణ్ణి. ఆ ముడి నా సొంత ముడి, విప్పడానికి నాకే చెమటలు పట్టేవి.

సగం దారిలో ఇరుసు విరిగిన గడ్డిబండి రోడ్డుకి అడ్డంగా పడివుంది. నేనూ బండివాడూ కలిసి దాన్ని పక్కకి నెట్టేసరికి నా ఇంజను ఆగిపోయింది. ఆ కంగారులో కుళాయి పెట్రోలు మీదికి తిప్పడం మరిచాను. బండివాడు ఎడ్లని తోలుకుని వెళ్లిపోయాడు. ఎండలో నేనూ, వెనక సీట్లో పైడమ్మా, తోడొచ్చిన మా ఆవిడా మిగిలాం.

కారు ముందు దూర్చే ఇనప హ్యాండిల్ని ఎంత తిప్పినా ఇంజను పలకలేదు. తెచ్చిన నీళ్లన్నీ పైడమ్మకే పట్టేశాం. తువ్వాలు తడుపుకొద్దామని పొలాల్లోని నేలబావి దాకా పరుగెత్తాను. అడుగున ఎండి బీటలు వారిన బురద ఉంది. పొడి తువ్వాలుతోనే తిరిగొచ్చాను.

పైడమ్మ అరుపులు ఆగిపోయాయి. వెనక సీట్లోంచి మా ఆవిడ అంది, “పిల్ల పలకడం నేదు. ఏటో ఒకటి సెయ్యండి.”

తాడు ముడి విప్పాను. నేను కట్టింది కట్టినట్టే ఉంది. బానెట్ ఎత్తాను.

పంపు మీద తడిగుడ్డ ఉంది. మూడు మడతలు. చివర చిన్న ముడి వేలాడుతోంది. ముట్టుకుంటే చల్లగా ఉంది. దాన్నుంచి నీటిబొట్లు కింద ఇనుము మీద పడి చుయ్యిమంటున్నాయి.

ఆలోచించే తీరిక లేదు. కార్బురేటర్లోని కిరసనాయిలు వంచేసి, పెట్రోలు మీదికి తిప్పి, హ్యాండిల్ అందుకున్నాను. సగం చుట్టుకే ఇంజను అందుకుంది.

ఆసుపత్రిలో ఇంతసేపు ఏం చేశారని నర్సు కేకలేసింది. కోసి బిడ్డని తీశారు. తల్లీ బిడ్డా దక్కారు.

ఆ సాయంత్రం మా ఆవిణ్ణి అడిగాను.

“మీరేసిన గుడ్డ కాదేటి?” అంది.

పిల్ల తల ఆమె ఒళ్లోనే ఉంది, ఆమె కారు దిగలేదు. ముందు అద్దంలోంచి నేను వెళ్లడం, రావడం తప్ప ఇంకెవరూ కనబడలేదట. కారు దగ్గరికెళ్లి చూశాను. గుడ్డ ఎండి అట్టకట్టింది. ముడి విప్పితే గులకరాయి అరచేతిలో పడింది.

బండి ఎందుకు కదిలిందో చెప్పగలను. నేను బావి దాకా వెళ్లొచ్చేలోగా కాస్త చల్లారి ఉంటుంది. గుడ్డ గురించీ వాదించను, అలాంటి చీర పేలికలు మా ఇంట్లో బోలెడు. కానీ చుట్టుపక్కల చుక్క నీరు లేనిచోట అదెలా తడిసిందో, నా ముడి విప్పకుండా లోపలికెలా వెళ్లిందో ఎంత తన్నుకున్నా తెలియలేదు.

ఆ కారు ఎప్పుడో పోయింది. ఇప్పటికీ ఎండలో ఎవరి బండి ఆగినా నాకు కాలు నిలవదు, దిగి బానెట్ ఎత్తించి చూస్తాను. భయమా అని అడుగుతారు. కాదు. లోపల ఏమీ లేకపోతేనే నాకు బాగుండదు.