దేవిడీ గోడ పక్కన ఒక నిద్ర

మొన్న ఆదివారం నాంపల్లిలో నాకు జరిగిన మర్యాద ఏమిటో వినండి. ముప్పై మైళ్ళ అవతల నుంచి పొద్దుటి బండికి వచ్చినవాళ్ళు నవాబుగారి దేవిడీ, అంటే ఆయన పాత మహలు, అంతా తిరిగి చూసి, ఇరానీ హోటల్లో చాయ తాగి, సాయంత్రం బండికి ఇల్లు చేరారు. ముందు రోజే వచ్చి, గది కిరాయికి తీసుకొని, ఆ దేవిడీ గోడ పక్కనే పడుకున్న నేను మాత్రం గడప దాటలేదు. నవ్వకండి. నవ్వేది ముందుంది.

నేను ముప్పై ఏళ్ళు ఆ నవాబుగారి జాగీరు కచ్చేరీలో పేష్కారుగా పని చేశానని మీకు తెలుసు. రైతుల అర్జీలు, కాగితాలు సర్ది పైవాళ్ళ ముందు పెట్టే పని. నెలకొకసారి ఆ కాగితాల మూట పట్టుకొని భువనగిరి నుంచి పట్నం రావాలి. దేవిడీ గేటు దగ్గర చిట్టీ మీద పేరు రాసి లోపలికి పంపాలి. బయటి దాలానులో, అంటే గుమ్మం ముందరి వసారాలో, బెంచీ మీద కూర్చోవాలి. పిలుపు వస్తే లోపలికి పోవాలి. పిలవకుండా గడప దాటడం అంటే నౌకరీ మీద ఆశ వదులుకోవడమే. ఇది పద్ధతి.

ఇప్పుడు మీకొక నిజం చెప్పాలి. ఆ పిలుపు నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఎవడో నౌకరు వచ్చి మూట అందుకొని పోయేవాడు. మధ్యాహ్నం దాటాక సంతకాలతో తెచ్చి నా ఒళ్ళో పడేసేవాడు. ముప్పై ఏళ్ళు ఇదే కథ!

కాని ఇంట్లో చెప్పిన కథ వేరు. ఆ కాలంలో కాలేజీలో చదువుకున్నవాణ్ణి. మాకు ఇంగ్లీషు చెప్పిన దొర నా ఉచ్చారణ మెచ్చుకొని క్లాసు ముందు చదివించేవాడు. ఆ దొరకు పిల్లులంటే ప్రాణం, ఒక పిల్లి క్లాసులోకి కూడా వచ్చేది, ఆ సంగతి మరోసారి. అంత చదివినవాణ్ణి, బయట బెంచీ మీద కూర్చొని వచ్చానని పెళ్ళానికి ఎట్లా చెప్తాను? అందుకని మా ఇంటామె బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చొని, రంగుటద్దాల హాలు గురించి చెప్పాను. తేనెరంగు పాలరాతి నేల గురించి చెప్పాను. నలభై కొమ్మల దీపాల గుత్తి గురించి చెప్పాను. ఒకసారి నవాబుగారు తమ చేత్తో పాన్ ఇచ్చారని కూడా చెప్పాను. ఆ పాన్ నాంపల్లి స్టేషను బయట కొన్నది.

ఆమె ఎప్పుడూ ఒక్కటే అడిగేది. "నన్నొక్కసారి తోల్కపోరాదు? జర చూస్త."

"ఆడవాళ్ళను రానియ్యరు," అనేవాణ్ణి. ఎంత మంచి పద్ధతో అనిపించేది.

సరే, జాగీర్లు పోయాయి. నవాబుగారు ఎటో వెళ్ళిపోయారు. పోయిన నెల మా బామ్మర్ది యాదగిరి, బేగం బజార్ నుంచి సరుకు తెచ్చి అమ్మే మనిషి, ఒక వార్త మోసుకొచ్చాడు. దేవిడీలో ఏదో సర్కారీ ఆఫీసు పెడుతున్నారట. పెట్టేముందు ఒక్క ఆదివారం, ఎనిమిది నుంచి పన్నెండు దాకా, ఎవరైనా వచ్చి చూడవచ్చట. తెల్లారితే లోపల చెక్క గోడలు కట్టి గదులు చేస్తారు. ఆ తర్వాత చూడడానికి ఏమీ ఉండదు.

మా ఇంటామె మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం వేరే చింత పట్టుకుంది. రంగుటద్దాలు లేకపోతే? నేల నల్లబండలైతే? ఇన్నేళ్ళ నా మాట ఒక్క పూటలో కొట్టుకుపోదా? పోనీ తీసుకుపోకుండా ఉందామా అంటే, చచ్చేలోగా ఆ గడప లోపల ఏముందో నాకూ చూడాలని ఉంది.

ఒక ఉపాయం తోచింది. ముందు రోజే పోయి, తెల్లవారగానే అందరికంటే ముందు లోపలికి పోవాలి. ఏది లేకపోతే అది "అమ్ముకున్నట్టున్నారు" అని చెప్పుకుంటూ పోవచ్చు. ఆదివారం పొద్దుటి బండికి యాదగిరి వచ్చేలోగా పని అయిపోవాలి. వాడి నోరు మీకు తెలుసు.

"శనివారమే పోయి ఆడ ఉంటం," అన్నాను వాడితో. "గుట్ట మీద దేవుని గుడిల నిద్ర చేస్తమా లేదా? గట్లనే. పెద్ద జాగను చూడాలంటె ఒక రాత్రి దాని నీడల నిద్ర చెయ్యాలె."

"గుట్ట మీద నిద్ర జేస్తె దేవుడు కరుణిస్తడు బావా," అన్నాడు వాడు. "నవాబు గోడకాడ నిద్ర జేస్తె నల్లులు కరుస్తయి. పొద్దుగాల బండెక్కు, చూడు, మాపటికి ఇంట్ల పడు. దినాం బజారుకు వొయ్యొస్తున్న, నేనేమన్న ఆడ పంటున్ననా?"

"నువ్వు మిరపకాయల కోసం పోతవు. నేను దేవిడీకి పోతున్న."

"గోడలు గోడలే గద బావా!"

శనివారం మధ్యాహ్నం నాంపల్లిలో దిగాం. స్టేషను వెనక ఒక లాడ్జిలో మేనేజరు మమ్మల్ని మూడో అంతస్తుకు ఎక్కించి, "ప్యాలెస్ వ్యూ సార్!" అని కిటికీ తెరిచాడు. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఒక పెద్ద గోడ. గోడ తప్ప ఆకాశం కూడా లేదు. "ఇది ప్యాలెస్ గోడేనా?" అన్నాను. "హండ్రెడ్ పర్సెంట్," అన్నాడు.

ఇక దర్బారు దుస్తులు. దేవిడీకి పోవాలంటే షేర్వానీ, తలకు దస్తారు పాగా, నడుముకు ఇత్తడి బిళ్ళ పట్టా ఉండాలి. నా దస్తారు పెట్టెలో పడి నలిగింది. ఆబిడ్స్ దాకా నడిచి, వెనక గల్లీలో దస్తార్లు కట్టే ముసలాయన దుకాణం వెతికి పట్టుకున్నాను. ఇప్పుడాయన బ్యాండు మేళం వాళ్ళకు టోపీలు కుడుతున్నాడు. నా దస్తారును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ నాటకం సాబ్?"

"నాటకం కాదు. రేపు దేవిడీకి పోవాలె."

"అంటె నాటకమే," అని ఆవిరి పట్టి సరిచేసి ఇచ్చాడు.

రాత్రి సంగతి చెప్పను. నల్లుల విషయంలో యాదగిరి చెప్పింది అక్షరాలా నిజం. తెల్లవారి పట్టా బిగిస్తే నడుముకు అందలేదు. మా ఇంటామె వెనక నుంచి నాడాతో కట్టింది. తాను పట్టుచీర కట్టుకుంది, తలలో పూలు పెట్టుకుంది. ఏడున్నరకే గేటు దగ్గర ఉన్నాం.

గేటు దగ్గర ఒక కొత్త కానిస్టేబులు. నేను జేబులోంచి చిట్టీ తీసి, పేరు రాసి, కింద 'మాజీ పేష్కార్' అని రాసి అందించాను. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, చిట్టీ జేబులో పెట్టుకున్నాడు.

"మంచిది తాత. గాడ కూసో."

అదే దాలాను. అదే బెంచీ. కూర్చున్నాను. ఎక్కడ ఆనాలో కూడా నా పాదాలకే తెలుసు.

ఎనిమిదికి గేటు తెరిచారు. జనం బిలబిలమంటూ వచ్చారు. సైకిళ్ళ మీద గుమాస్తాలు, టిఫిన్ డబ్బాలతో సంసారాలు, కాలేజీ పిల్లలు. ఎవరూ చిట్టీ ఇవ్వడం లేదు, ఎవరూ ఆగడం లేదు. సినిమా హాల్లోకి పోయినట్టు పోతున్నారు.

"అందరు పోతున్రు గద," అంది మా ఇంటామె.

"వాళ్ళు తమాషాకు వచ్చినోళ్ళు. మన చిట్టీ పోయింది. పిలిస్తరు."

"ఎవరు పిలుస్తరు? నవాబే లేకపాయె!"

"ఎవరో ఒకరు ఉంటరు."

నిజం చెప్పాలంటే, నాకు కాళ్ళు లేవలేదు. ఎంత చదువుకున్నా, ఎన్ని సర్కార్లు మారినా, ఆ బెంచీ మీద నుంచి పిలుపు లేకుండా లేవడం నా ఒంటికి రాదు. పైగా లోపల భయం. ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు అనుకుంటున్నాను. చూపించడానికి తీసుకొచ్చిన ఇంటామె పక్కన నిలబడి ఉంది, గడప ముందుంది, తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

అంతలో కానిస్టేబులు అరిచాడు. "లోపటికి చెప్పులు, ఛత్రీలు వద్దు! బయట పెట్టాలె!"

ఒకాయన అటూ ఇటూ చూశాడు. తలపాగా, నడుముకు ఇత్తడి బిళ్ళ, గుమ్మం పక్క బెంచీ. ఇంకేం కావాలి? నేరుగా వచ్చి గొడుగు నా ఒళ్ళో పెట్టి పోయాడు. "ఏమయ్యా!" అనేలోగా లోపల ఉన్నాడు. అతని వెనక ఇంకొకాయన చెప్పులు విడిచి నా కాళ్ళ దగ్గరకు తోశాడు. సుల్తాన్ బజార్ సంచులతో వచ్చిన ఒకావిడ, "బిడ్డ చెప్పులు పైలం, కొత్తవి," అంది. ఒక కాలేజీ పిల్లవాడు, "తాతా, నంబరు బిళ్ళ ఇయ్యవా?" అన్నాడు.

"నేను పేష్కారును!" అన్నాను.

"ఎవరైతేంది, తప్పిపోతె ఎవల్ని అడగాలె?"

చూస్తుండగానే నా చుట్టూ చెప్పుల గుట్ట. బయటికి వచ్చిన ఒక పెద్దమనిషి నా చేతిలో చిల్లర పెట్టబోయాడు. ఉరిమి చూశాను. "తక్కువైందా?" అన్నాడు.

పదిన్నరకు యాదగిరి వచ్చాడు, భార్యతో. నన్ను చూసి నోరు తెరిచాడు.

"ఇదేం వేషం బావా? నౌకరీల చేరినవా?"

"పిలుపు కోసం కూసున్న."

"పిలుపేంది? నీ పెండ్లా?" అంటూ కొత్త చెప్పులు విడిచి మిగతావాటి పక్కన పెట్టాడు. "ఎట్లనో కూసున్నవు, ఇవి గూడ జర చూస్తుండు. అక్కా, నువ్వు రా! పన్నెండు గొడ్తె మూసేస్తరు."

ఆమె నా వైపు చూసింది. మూడు గంటలు నిలబడ్డ మనిషి. "నువ్వు పో," అన్నాను. "నేను పిలుపు వచ్చినంక వస్త."

పోయింది. వెనక్కి చూడలేదు.

గంటకు పైగా గడిచింది. అందులో ఎన్నిసార్లు లేవబోయానో! పన్నెండుకు పది నిమిషాలు ఉందనగా తెగించాను. ఎవడు పిలిస్తే ఏం, పిలవకపోతే ఏం అని లేచి నిలబడ్డాను. నిజంగా నిలబడ్డాను, మీరు నమ్మాలి. ఒక అడుగు వేశాను కూడా. వెంటనే ఒక లావుపాటి మనిషి నా ఇత్తడి బిళ్ళ పట్టుకున్నాడు.

"ఓ తాత! ఇన్ని చెప్పులు ఇడిసిపెట్టి ఎటు వోతవ్? నా జోడు పోతె నువ్విస్తవా?"

చుట్టూ నలుగురు చేరారు. "కూసోబెట్టున్రి, కూసోబెట్టున్రి," అన్నారు. కూర్చున్నాను. ఎవరి చెప్పులు వాళ్ళకు అందించాను. పన్నెండు గంటలు కొట్టారు. తలుపులు మూసి గొలుసు వేశారు.

అంతా అయ్యాక చూస్తే యాదగిరి కొత్త చెప్పులు లేవు!

"ఇంత చదివినవు, ఒక్క జత చెప్పులు కాయరాకపాయె!" అని వాడు దాలాను అంతా వినపడేట్టు అరిచాడు. ఏం చేస్తాను? నా దర్బారు జోళ్ళు విప్పి ఇచ్చాను. వాడు టకటకమంటూ భార్యతో చాయ తాగడానికి పోయాడు. నేను దస్తారుతో, ఇత్తడి బిళ్ళతో, వట్టి కాళ్ళతో, మండే రోడ్డు మీద లాడ్జి వైపు నడిచాను.

మా ఇంటామె వెనక వస్తోంది. కొంత దూరం పోయాక నేనే అడిగాను.

"ఎట్లుంది?"

"పెద్దగనే ఉన్నది. రంగుటద్దాల్లేవు. కిటికీలకు చెక్క తలుపులే, పాతవే. కింద నల్లబండలు."

"అమ్ముకున్నట్టున్నరు..."

"నేలను గూడ అమ్ముకున్నరా?"

అప్పుడు ఆమె చెయ్యి నా వీపు మీద పడింది. దులుపుతోంది. ఆ దాలాను గోడకు సున్నం వేస్తారు, ఆనుకుంటే అంటుతుంది.

"ఆగున్రి," అంది. "ముప్పై ఏండ్ల సంది దేవిడీ నుంచి వచ్చినప్పుడల్లా షేర్వానీ వీపుకు గీ సున్నమే. ఉతికింది నేనే గద. లోపల కుర్చీల కూసున్న మనిషికి గోడ సున్నం ఎట్లంటుతది?"

ఎండకు కాళ్ళు కాలుతున్నాయి. నేను కదల్లేదు.

"మరి ఒక్కనాడన్న అడుగకపోతివి?"

"అడిగితె మీరు చెప్పుడు బంద్ చేస్తుంటిరి," అంది. "నాకేమో వినుకుంట చెరిగేటి బియ్యం మస్తుండె."

అంతే. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మా వాడకట్టు ఆడవాళ్ళు రోజూ సాయంత్రం వచ్చి దేవిడీ ఎట్లా ఉందో ఆమెను అడుగుతున్నారు. నల్లబండలు ఎంత చల్లగా ఉన్నాయో, మెట్ల మీద పావురాలు ఎట్లా తిరుగుతున్నాయో, ఆమె ఉన్నది ఉన్నట్టు చెబుతోంది. నా కథల కంటే బాగుంటోంది, ఏం చేస్తాం! నేను బయట అరుగు మీద కూర్చొని వింటున్నాను. లోపలికి రమ్మంటే పోదామని.