అమ్మ కారు ఎందుకు అరిచింది

మా అమ్మ కారు నేర్చుకున్నది అరవై దగ్గర పడ్డాక. నేర్పింది నేనే. బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో, గనివాళ్లు కట్టించిన మా లైను ఇళ్ల వెనక మూతబడిన గని తాలూకు ఖాళీ మైదానం ఉంది. ఆదివారం పొద్దున్నే అక్కడికి పోయి, పక్క సీట్లో కూర్చుని నేను అరిచేదాన్ని. అమ్మ నాకంటే గట్టిగా అరిచేది. కారు మాత్రం అప్పట్లో నోరు మెదపలేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ముసలి బండి, డాష్‌బోర్డులో సగం లైట్లు వెలగవు, అయినా బుద్ధిమంతురాలు.

అది అరవడం మొదలుపెట్టింది అమ్మకు చెయ్యి కుదిరాకనే. టేకల్‌లో మా పిన్ని వాళ్లు పట్టుపురుగులు పెంచుతారు. గూళ్లు తీసే రోజు ఎన్ని చేతులున్నా చాలవు. ప్రతి పంటకూ అమ్మ పోవాల్సిందే. ఇదివరకు బంగారుపేటలో బస్సు మారి, నిలబడే ఓపిక కాళ్లకు లేక, చేరేసరికి సగం ప్రాణం పోయేది. కారు వచ్చాక తాళం చెవి కొంగుకు ముడేసుకుని, నలుగురూ చూసేలా వీధిలోకి వచ్చి బయలుదేరేది. పక్కన తోడుగా నాయన. ఆ కొంగు ముడి చూస్తే నాకు పండగలా ఉండేది.

మా నాయన గనిలో వైండింగ్ ఇంజన్ డ్రైవరు. కేజ్ అనే ఇనుప బోనులో మనుషుల్ని షాఫ్టులోకి, అంటే గని బావిలోకి, దించడం, పైకి తీయడం ఆయన ఉద్యోగం. ఆయన తన గురించి చెప్పుకునే గొప్ప ఒక్కటే. తను కేజ్ ఆపితే అది ఆగినట్టే తెలిసేది కాదట. లోపలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని "అప్పుడే వచ్చినామా?" అనుకునేవాళ్లట. గని మూసేసి ఇన్నేళ్లయినా మా ఇంట్లో ఆ మాట మూతబడలేదు.

అలాంటి మనిషి పక్కన కూర్చుని ఉండగా, అమ్మ బ్రేకు వేసినప్పుడల్లా కారు వెనక నుంచి కీచుమని అరవసాగింది.

"నీ కాలు బరువు. బ్రేకును తొక్కేది కాదు, అడిగేది," అన్నాడు నాయన.

"నువ్వు కారు నడిపి చూపించు, అప్పుడు అడుగుతాను," అంది అమ్మ. నాయనకు కారు రాదు.

నేను మాకు దగ్గర్లోని నర్సాపురంలో ద్విచక్ర వాహనాల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. పగలంతా బండ్ల మధ్యే ఉంటాను కాబట్టి ఇంట్లో నేనే పెద్ద డాక్టరుని. మంచుకు డిస్కు తుప్పు పట్టిందన్నాను. మిట్టమధ్యాహ్నం కూడా అరిచింది. రాయి ఇరుక్కుందన్నాను. చక్రం విప్పి చూస్తే ఇసుక రేణువు కూడా లేదు. ప్యాడ్లు అరిగాయన్నాను, ముందువి కొత్తవి వేయించాను. వెనక నుంచి నన్ను వెక్కిరించినట్టు మళ్లీ కీచుమంది. అన్నిటికంటే మంటెత్తించింది ఏమిటంటే, నేను నడిపితే కిక్కురుమనదు. మెకానిక్ నడిపినా అంతే.

చివరికి మెకానిక్ వెనక డ్రమ్ములు విప్పాడు. లోపలి బ్రేకు షూలు నున్నగా మాడిపోయి ఉన్నాయి.

"హ్యాండ్ బ్రేకు దించకుండా నడిపిస్తా ఉండారక్కా ఎవురో," అన్నాడు. ఎవురో అన్నాడే కానీ చూపు అమ్మ మీదే ఉంది. హ్యాండ్ బ్రేకు ఎత్తి ఉంటే చెప్పాల్సిన ఎర్ర లైటు మా బండిలో ఎప్పుడో చచ్చిపోయింది.

"నేను దించకుండా ఒక్కనాడన్నా కదిలించినానా?" అంది అమ్మ. "నేను చెప్పలా?" అన్నట్టు నాయన దగ్గాడు.

ఇంటికి రాగానే అమ్మ కొంగు ముడి విప్పి, తాళం తీసి రాగిపిండి డబ్బా మీద పెట్టింది. "ఇంగ నేను ముట్టను. బస్సు ఉండాది గదా," అంది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. మెల్లగా అంది. మరిచిపోయే మనిషి కాదు మా అమ్మ. కారు అబద్ధమాడుతోందని నా కోపం.

ఆదివారం పిన్ని ఇంట గూళ్లు తీసే రోజు. "ఈ ఒక్కసారి నడుపు. నేను వెనక చెవి పెట్టుకుని కూర్చుంటాను. అరిస్తే కారు అమ్మేద్దాం, నేనే అమ్మేస్తాను," అని బతిమాలి, బెదిరించి తాళం చేతిలో పెట్టాను. నాయన మామూలుగా ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక సీటు మీద అడ్డంగా పడుకుని, సీటుకు చెవి ఆనించాను. ఉరిగాం దాటాం, అరవలేదు. దారి ఖాళీగా ఉంది, బ్రేకుతో పని పడలేదు. బంగారుపేట ముందర స్పీడ్ బ్రేకరు వచ్చింది. కీచ్.

ఎడమ చక్రమా కుడి చక్రమా అని తల ఎత్తాను. ఎత్తిన తల అలాగే ఉండిపోయింది.

రెండు సీట్ల మధ్య హ్యాండ్ బ్రేకు మీద నాయన చెయ్యి ఉంది. బొటనవేలు దాని గుండీ మీద. అమ్మ కాలు ఇలా బ్రేకుకు తగలగానే ఆ చెయ్యి లివరును ఇంత పైకి తీసి, కారు నెమ్మదించాక పువ్వును దించినట్టు కిందికి దించింది. నాయన చూపు మాత్రం రోడ్డు మీదే.

"నాయనా! ఆ చెయ్యేంది!"

నాయన తన చెయ్యిని పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. అమ్మ కారును రాగిచేను పక్కన ఆపింది. నేను నడిపేటప్పుడు ఆయన వెనక సీట్లో కునుకు తీసేవాడని అప్పుడు గుర్తొచ్చింది.

"నాకు తెలియనే తెలియదమ్మా," అన్నాడు నాయన. "ఆపేటప్పుడు చెయ్యి ఊరికే ఉండదు. లోపల మనుషులు ఉండారు గదా."

అమ్మ స్టీరింగు మీద తల పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు కదిలిపోయేలా, కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది.

"ఎవురిని దించుతా ఉండావప్పా, ఎంత లోతుకి?" అంది.

నాయనకూ నవ్వొచ్చింది. "కాలు బరువు నీది కాదులే," అన్నాడు, కిటికీ వైపు తిరిగి. మా నాయన నోటి నుంచి అంత పెద్ద క్షమాపణ నేను ఎప్పుడూ వినలేదు.

అమ్మ దిగి, డిక్కీలోంచి పిన్ని ఇంటికి చేసిన సాంబారు గిన్నె తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. "రెండు చేతులా పట్టుకో. ఒలికితే నీదే పూచీ," అంది. తర్వాత గుంతలొచ్చాయి, మలుపులొచ్చాయి, మేకల మంద అడ్డమొచ్చింది. అమ్మ ఆపింది, కదిలించింది, మళ్లీ ఆపింది. వెనక చక్రాల నుంచి చిన్న మాట కూడా లేదు. నేను చెవి పెట్టడం మానేసి కిటికీ దించి పాట పాడాను. నా గొంతు ఎలాంటిదో తెలిసి కూడా ఎవరూ ఆపమనలేదు.

టేకల్‌లో పిన్ని వాళ్ల పురుగుల షెడ్డు ముందు అమ్మ కారు ఆపింది. నాయన గిన్నెను రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. సాంబారు చుక్క ఒలకలేదు. కాసేపటికి కళ్లు తెరిచి, షెడ్డునూ, బుట్ట పట్టుకుని ఎదురొస్తున్న పిన్నినీ చూశాడు.

"అప్పుడే వచ్చినామా?" అన్నాడు.

అమ్మ తాళం తీసి కొంగుకు ముడేసుకుంది. ఆ ముడి మీద ఇంకో ముడి కూడా వేసింది.