ఉప్పుగాలి తగలని కంప్యూటర్

మా ఇంట్లో టీవీ రిమోటుకి కూడా పాలిథిన్ కవరు ఉంటుంది. ఉద్దానం తీరంలో కాపురం ఉన్నవాళ్ళెవరికీ ఇది వింత కాదు. సముద్రం మీద నుంచి వచ్చే గాలి ఇనుమును తినేస్తుంది. తలుపు గొళ్ళెం, కుట్టుమిషను, పడవ ఇంజను, దేన్నీ వదలదు. నేను చాలా ఏళ్ళు పలాసలో జీడిపప్పు పనికి వెళ్ళాను. అక్కడా అదే పాఠం. పప్పుకి గాలి తగిలితే మెత్తబడిపోతుంది, డబ్బా బిగించాలి. ఏ వస్తువు ఇంట్లోకి వచ్చినా ముందు దాని మూత ఎలా ఉందో చూస్తాను. గేమింగు కంప్యూటర్ ఇంట్లోనే బిగించుకుందామని మా అమ్మాయి అన్నప్పుడు కూడా నేను మొదట అడిగింది మూత గురించే.

మా అమ్మాయి టెక్కలిలో డిగ్రీ చదువుతోంది. ఐదుగురు జట్టుగా ఆడే ఒక ఆటలో దాని చెయ్యి బాగా తిరిగింది. కాలేజీ అయ్యాక అక్కడి గేమింగు సెంటరులో కాసేపు ఆడి బస్సెక్కేది. విశాఖపట్నం జట్టు ఒకటి దాన్ని తీసుకుంటామంది, కానీ ఇంట్లో సొంత కంప్యూటర్ ఉండాలంది. వాళ్ళు సాధన మొదలుపెట్టే వేళకి మా ఊరి బస్సు వెళ్ళిపోతుంది మరి. తయారైనది కొంటే మా సొమ్ముకి బలం లేనిది వస్తుందని, విడి భాగాలు కొని బిగించుకుంటే గట్టిది వస్తుందని మా అమ్మాయి చెప్పింది. నాకు నచ్చింది. విడిగా కొన్నదాన్ని విడిగా బాగుచేసుకోవచ్చు.

చేపల వేట తప్ప వేరే పని ఎరగని మా ఆయన నవ్వాడు.

"ఏటే, కంప్యూటర్ ఇంట్లో సేత్తారా? అదేటి, అట్టు పోసినట్టా?"

"నువ్వు వల అల్లుకోలేదా మావా? ఇదీ అంతే," అన్నాను.

భాగాల బొమ్మలు ఫోనులో చూపిస్తూ మా అమ్మాయి ఒక్కొక్కటీ వివరించింది. లెక్కలు చేసేది ప్రాసెసరు. ఆటలోని బొమ్మల్ని తెర మీదకి తెచ్చేది గ్రాఫిక్స్ కార్డు. అన్నిటికీ కరెంటు పంచేది ఎస్‌ఎంపీఎస్. అంతా విని మా ఆయన, "అంత పెద్ద కార్డు ఎడతన్నారు, ఈ సిన్న డబ్బా లాగగల్దా?" అని ఎస్‌ఎంపీఎస్ మీద వేలు పెట్టాడు. ఇంజనుతో బతికే మనిషి కదా. ఆ మాట మీదే దాన్ని ఒక సైజు పెద్దది తీసుకున్నాం.

అన్నీ పెట్టే పెట్టెని క్యాబినెట్ అంటారు. మా అమ్మాయి ముందువైపంతా జాలీ ఉన్నది ఎంచింది.

"జల్లెడలాగుందేటే? ఉప్పంతా లోపలికే!"

"గాలాడాలమ్మా. లోపల ఫాన్లుంటాయి."

"ఫాన్లు లోపలే ఉంటే బయటి గాలెందుకు?"

చివరికి నా మాటే నెగ్గింది. ముందువైపు మూసి ఉన్న క్యాబినెట్ కొన్నాం. వెడల్పాటి అద్దం మూత పక్కన, గట్టి రేకు వెనక. చూడ్డానికి బీరువాలా ఉంది.

బిగించడం మధ్యాహ్నానికల్లా అయిపోయింది. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. తెలుగు ముందు, ఇంగ్లీషు తరవాత. అందువల్ల ఇప్పటికీ ఏ అక్షరాన్నీ దాటేసి చదవడం నాకు రాదు. భాగాలన్నీ గుచ్చే మదర్‌బోర్డు మూల సన్నటి పిన్నులుంటాయి, వాటి పక్కన చీమ తలంత అక్షరాలు. మా అమ్మాయి తీగలు అందిస్తుంటే నేను కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివాను. పవర్ బటను తీగ నా చేత్తోనే గుచ్చాను. బటను నొక్కగానే ఫాన్లు తిరిగాయి, తెర వెలిగింది.

"ఓలమ్మో, ఎలిగినాదే!" అని మా ఆయన వీధిలోకి వినపడేలా అరిచాడు.

ఆ సాయంత్రమే పెట్టె పైన ఉన్న కన్నాల మీద, ముందు అంచుల్లో ఉన్న సందుల మీద వెడల్పు టేపు అంటించాను. మా అమ్మాయి చూసింది గానీ వద్దనలేదు. రిమోటుకి కవరు తొడిగే ఇంట్లో పుట్టిన పిల్ల, దానికీ అది వింతగా అనిపించలేదు.

మర్నాడు కొత్త జట్టుతో మొదటి సాధన. ఆట మంచి ఊపులో ఉండగా కంప్యూటర్ టక్కున ఆగిపోయింది. మళ్ళీ నొక్కితే వెలిగింది, కాసేపటికి మళ్ళీ ఆగింది. జట్టు కెప్టెన్ మర్యాదగానే చెప్పాడు. ఆదివారం పోటీ ఉంది, అందులో కూడా ఇలా మధ్యలో మాయమైతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామన్నాడు. అందులో తప్పేం లేదు. ఐదుగురి ఆట నలుగురు ఆడలేరు.

ముందు కరెంటుని అనుమానించాం. కంప్యూటర్ ఆగినప్పుడు బల్బు వంక చూస్తూ కూర్చున్నాను, అది రెప్ప కూడా వెయ్యలేదు. కరెంటు కాదు. ర్యామ్ ముక్కలు, కార్డు తీసి మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టాం. అదీ కాదు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కాశీబుగ్గలో ఒక షాపుకి తీసుకెళ్ళాం. షాపతను అద్దం మూత తీసి, తీగలన్నీ కదిపి చూసి, ఆట పెట్టాడు. మధ్యాహ్నమంతా ఆడింది. ఒక్కసారీ ఆగలేదు.

"మెషీన్ బంగారమండీ. మీ ఇంటి కరెంటే తేడా," అని మూత బిగించి పంపేశాడు.

ఇంటికి తెచ్చి పెట్టాం. ఆగిపోయింది. మా అమ్మాయి హెడ్‌ఫోన్ తీసి మంచం మీద పడేసింది.

"ఒగ్గీమ్మా. ఆళ్ళకి రానని సెప్పీస్తాను."

"ఎందుకు సెప్తావే? అక్కడ ఆడినాదా నేదా? ఇక్కడ లేనిదేదో అక్కడుంది, అంతే. ఆ షాపోడేటి సేసినాడో మొదట్నించీ సెప్పు."

"మూత తీసినాడు. తీగలు సూసినాడు. ఆట ఎట్టినాడు."

"మూత మళ్ళీ ఎప్పుడు ఎట్టినాడు?"

"మనం వొచ్చీసినప్పుడు..." అంటూ అది నా ముఖం చూసింది. నేను పెట్టె చూశాను.

లేచి పైన టేపు మీద అరచెయ్యి పెట్టాను. ఆ వేడి నాకు తెలుసు. జీడిపప్పుని ఆరబెట్టే బొర్మా అనే వేడిగది తలుపు అలాగే కాలుతుంది. చెమ్మ పోవడానికి మేం లోపల వేడి నిలబెడతాం. ఇక్కడా అదే చేశాను. కార్డు, ప్రాసెసరు కక్కిన వేడి బయటికి పోయే దారి లేక, లోపలి ఫాన్లు ఆ వేడి గాలినే తిప్పుతున్నాయి. కాలిపోకుండా కంప్యూటర్ తనంతట తానే ఆరిపోతోంది.

"తీసీనా?" అని అడిగింది మా అమ్మాయి, నెమ్మదిగా.

"తీసేత్తే ఉప్పు తినేత్తాదే. ఎన్నాళ్ళుంటాది?"

"తియ్యకపోతే ఆదివారం దాకా ఉండదమ్మా."

టేపు నేనే పీకాను. గోరు విరిగేంత గట్టిగా అంటించానని అప్పుడే తెలిసింది. అద్దం మూత కూడా విప్పేశాం. ఆట పెట్టి, తెర మూల వేడి చూపించే అంకెని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. అది కొంచెం ఎక్కింది, ఎక్కి అక్కడే నిలబడింది. చీకటి పడేదాకా ఆడించాం. ఆగలేదు.

మా ఆయన తొంగిచూసి, "ఇన్ని తిప్పలూ పడి ఆకరికి పేగులు బయటెట్టీసినారేటి!" అన్నాడు.

"ఊపిరి ఆడతంది మావా. అది సాలు."

రేకు మెల్లమెల్లగా తుప్పు పడుతుంది, నాకు తెలుసు. వారం వారం కరెంటు తీసేసి పొడి బ్రష్షుతో దులుపుతాను. పాడైన ముక్క మారుస్తాం. ఎక్కడ ఏది ఉందో చదవడం నాకొచ్చు.

ఆదివారం పోటీలో మా అమ్మాయి మొదటి నుంచి చివరి వరకూ ఉంది. నేను వెనక స్టూలు మీద కూర్చుని దాని ఆట చూడలేదు, లోపల తిరిగే ఫానునే చూశాను. వాళ్ళ జట్టు గెలిచింది. అందరూ ఒకేసారి అరుస్తుంటే హెడ్‌ఫోన్ లోంచి నాకూ వినపడింది. తరవాత కెప్టెన్ గొంతు ఏదో అడిగింది.

"నిలబడినాదన్నా. వచ్చేవారం కూడా ఉంటాను," అంది మా అమ్మాయి. మళ్ళీ అతనేదో అన్నాడు. అది నవ్వింది. "షాపులో కాదు. మాయమ్మ బాగుసేసింది."

హెడ్‌ఫోన్ తీశాక అడిగాను. "టేపు సంగతి సెప్పలేదేటే?"

"అది మనింటి సంగతి. ఆళ్ళకెందుకమ్మా?" అంది.