చిన్నాయన బయటికి వెళ్లే సీన్లు

పోయిన ఆదివారం మార్కాపురంలో చిన్నాయన వాళ్లింటికి వెళ్లాను. చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు, ఎనభైకి దగ్గరపడ్డాడు. ఆయన భార్య, మా చిన్నమ్మ, అలసంద వడలు వేస్తానంటే ఏ పని ఉన్నా మానుకుని పోవడం నాకు కాలేజీ రోజుల నుంచీ అలవాటు. ఆ అలవాటు వల్ల ఒకసారి ఎంత ద్రోహం చేశానో ముందు ముందు చెబుతాను. వాళ్ల మనవరాలు గోడంత టీవీలో ఏదో సిరీస్ పెట్టింది. పేర్లు పడకముందే నల్లటి తెర మీద నాలుగు ముక్కలు వచ్చాయి. ఇందులో హింస ఉంది, కొందరిని కలవరపెట్టే సన్నివేశాలున్నాయి, ఆలోచించుకుని చూడండి అని. "మొత్తం ట్రామానే పెదనాన్నా, నువ్వు తట్టుకోలేవేమో" అంది ఆ పిల్ల నాతో. చిన్నాయన కళ్లజోడు సర్దుకుని ఆ నాలుగు ముక్కలూ కూడబలుక్కుని చదివాడు. చదివి నా వైపు చూశాడు. నేను వడ వైపు చూశాను.

ఈ మధ్య ఏది చూసినా ట్రామానే. హీరో ఎందుకు గడ్డం పెంచాడయ్యా అంటే చిన్నప్పుడు వాళ్ల నాయన కొట్టాడు. విలన్ ఎందుకు మనుషుల్ని నరుకుతున్నాడయ్యా అంటే వాణ్నీ ఎవరో కొట్టారు. చివరికి కమెడియన్‌కి కూడా ఒక ఫ్లాష్‌బ్యాక్ తగిలించి, మనం నవ్వినందుకు మనకే సిగ్గేసేలా చేస్తున్నారు. మా రోజుల్లో హీరోకి ఒక చెల్లెలుండేది. ఆ చెల్లెలికి ఒక కుట్టుమిషనుండేది. ఇంటర్వెల్ లోపల ఆమె పోయేది, హీరో పిడికిలి బిగించి శపథం చేసేవాడు, మరుసటి రీల్లో హీరోయిన్‌తో తోటలో గంతులేసేవాడు. పాటలూ అంతే. మొదటి సగంలో హుషారుగా పాడిన పాటనే రెండో సగంలో వానలో తడుస్తూ నిదానంగా పాడితే అది విషాద గీతం. చిన్నాయనకు ఆ నిదానం పాటలంటే ప్రాణం. పలకల ఫ్యాక్టరీలో, మీసాల మీద బూడిదరంగు పొడి పేరుకుని ఉండగా, బతుకంతా బుగ్గయిపోయిందనే పాటల్ని ఈల వేసుకుంటూ పలకలకు చెక్క చట్రాలు బిగించేవాడు. అంత సంతోషంగా ఏడుపు పాటలు పాడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మాది పెద్దారవీడు అవతల పల్లె. డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను చిన్నాయన ఇంట్లోనే తిని, అక్కడే పడుకుని, ఆయనతోనే సినిమాలు చూశాను. తెర మీద వందమంది చచ్చినా ఆయన మురుకులు నమలడం ఆపేవాడు కాదు. కానీ ఎవరినైనా గదిలో పెట్టి తాళం వేసి, లోపలి మనిషి తలుపు మీద దబదబా కొట్టడం మొదలైందంటే చాలు, లేచి, వరసలో ఉన్న కాళ్లన్నీ తొక్కుకుంటూ బయటపడేవాడు. ఆ కాలంలో హీరోయిన్‌ని గదిలో పెట్టి తాళం వేయని సినిమా ఏదైనా ఉంటే చెప్పండి! మేనమామ వేసేవాడు, సవతితల్లి వేసేది, విలన్ సరేసరి. కొన్నిట్లో ప్రేమ ఎక్కువై హీరోనే వేసేవాడు.

కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు, చిన్నమ్మకు తప్ప. పెళ్లికి ముందు చిన్నాయన పలకల గనిలో పనిచేసేవాడు. ఒకరోజు పై పొర జారి పడి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాళ్ల కింద ఇరుక్కుని, ఎలాగో బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత గని దారే తొక్కలేదు. యర్రగొండపాలెంలో సంబంధం చూడబోతే, గనిలో పనిచేసేవాడికి నా బిడ్డనివ్వనని చిన్నమ్మ వాళ్ల నాయన ఖరాఖండిగా చెప్పాడు. మావాళ్లు ఏమాత్రం తడుముకోకుండా "గనా? మావాడు ఆ పక్కకే పోడు" అన్నారు. అప్పటికది నిజమే కాబట్టి అబద్ధమాడిన పాపం కూడా అంటలేదు. పెళ్లయిపోయింది. గని మాట ఆమె చెవిన పడకూడదని ఇంటిల్లిపాదికీ ఒట్టు. నాకూ ఒట్టే.

పాపం చిన్నమ్మకు సినిమా అంటే మొగుడితో పక్కపక్కన కూర్చోవడం. ఆ మొగుడేమో సినిమాకు మూడుసార్లు లేచిపోతాడు. బీడీకని ఒకరు, సుగరుందని ఒకరు, హాలు బయట ఎవరో ఉన్నారని పక్కింటామె, తలా ఒక మాట అనేవారు. గేటు దగ్గరి మనిషైతే తెర మీద తాళంకప్ప కనిపించగానే ఈయన కోసం తలుపు తీసి పట్టుకునేవాడు. "హీరోయిన్‌కు కష్టమొస్తేనే లేచి పారిపోయే మొగోడు, రేపు నాకొస్తే నిలబడతాడంటావా?" అని చిన్నమ్మ ఒకరోజు నన్ను నిలదీసింది. నవ్వుతూనే అడిగింది గానీ కళ్లలో నీళ్లున్నాయి. "పేర్లు పడేకాడ్నుంచి శుభం దాకా, ఈ మనిషి నా పక్కన కూసోని ఒక్క సినిమా చూడాలరా. అంతకుమించి నేనేం అడగను" అంది.

చిన్నాయనకూ ఈ పరుగులంటే సిగ్గే. అందుకని నన్ను ఉద్యోగంలో పెట్టాడు. శుక్రవారం మ్యాట్నీకి నేను ముందుగా వెళ్లి చూసిరావాలి. చూసొచ్చి, ఆ ఇంట్లో దేనికి కొరత ఉన్నా పలకలకు లేదు కనక, ఒక పలక మీద బలపంతో రాయాలి. "రెండో పాట అయినాక ఒకటి, చిన్నది. సవతితల్లి గుడికి పోయినప్పుడు ఇంకొకటి, పెద్దది, టీ తాగొచ్చు. ఆఖర్న గోడౌనులో. ఫైటింగు మొదలైనాక లోపలికి రావచ్చు." ఆయన అది బట్టీపట్టి, తడిగుడ్డతో తుడిచేసి, ఆదివారం చిన్నమ్మను తీసుకెళ్లేవాడు. తలుపు కొట్టడానికి నిమిషం ముందే దగ్గి, "సోడా తాగొస్తా" అని పెద్దమనిషిలా లేచేవాడు. పారిపోవడానికీ లేచివెళ్లడానికీ మధ్య ఉన్న ఆ కాస్త తేడా కోసమే ఇంత ఏర్పాటు. ఇప్పుడు కంపెనీలు మనుషుల్ని పెట్టి చేయిస్తున్న ఈ హెచ్చరికల పని మార్కాపురంలో నేను ఎప్పుడో చేశానని మనవరాలికి చెప్తే నమ్మలేదు.

ఒక శుక్రవారం మ్యాట్నీ చూసి వచ్చేసరికి చిన్నమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. "నువ్వు పలక మీద రాసేదంతా నాకు తెలుసులేరా. ఎందుకు రాస్తావని అడగను, అడిగినా మీ ఇంట్లో ఒక్కరూ నోరిప్పరు. ఈ ఒక్కసారికీ ఏమీ లేదని రాయి" అంది. ఆమె చేతిలో పళ్లెం, పళ్లెంలో అలసంద వడలు, పక్కన అల్లం పచ్చడి. నేను ససేమిరా అన్నాను. మూడో వడకు ఒప్పుకున్నాను. అసలు ఆ సినిమాలో ఉన్నది మామూలు గది కూడా కాదు. హీరో చెల్లెల్ని నేలమాళిగలో దించి పైన బండ మూసేస్తారు, ఆ పిల్ల కింద నుంచి రాయితో బండను కొడుతుంది. అది నా కళ్లతో చూసి వచ్చి, పలక మీద గుండ్రంగా, అందంగా రాశాను: "ఏమీ లేదు. హాయిగా చూడొచ్చు."

ఆదివారం చిన్నాయన ఎంత సంబరంగా ఉన్నాడంటే, బయటికి వెళ్లే పని లేదు కదా అని మురుకులు రెట్టింపు కొన్నాడు. ఆయన మధ్యలో, నేనొక పక్క, దారి వైపు చిన్నమ్మ. ఇంటర్వెల్ దాటింది. చెల్లెలు నేలమాళిగలోకి దిగింది, బండ పడింది. టక్, టక్, టక్. చిన్నాయన సగం లేచాడు. చిన్నమ్మ ఆయన చొక్కా పట్టుకుని "కూసో, యాడికి పోతావు, ఏం కాదులే" అంది. ఆయన నా వైపు తిరిగి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. మళ్లీ టక్, టక్, టక్. అప్పుడాయన పిడికిలితో ముందున్న ఇనప కుర్చీ మీద మూడు దెబ్బలు కొట్టి, గొంతు చించుకుని అరిచాడు. "ఉన్నా! ఈడనే ఉన్నా! ఆపొద్దు, కొడతానే ఉండు!"

హాలంతా ఒక్కసారిగా గొల్లుమంది. నేల క్లాసులోంచి ఎవడో "అన్నా, ఆ పాపకు నీ మాట ఇనపడదు, ఆపరేటరుకు చెప్పు!" అన్నాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకూ నవ్వొచ్చింది. నవ్వనిది చిన్నమ్మ ఒక్కతే. ఆమె చేతిలోని చొక్కా చెమటకు నిలువునా తడిసిపోయింది. కొంగు బిగించి లేచి, ఆయన రెక్క పట్టుకుని బయటికి నడిపించింది. వెనకాలే నేను.

సోడా బండి దగ్గర మూడు సోడాలు కొట్టించుకున్నాం, ఎవరమూ తాగలేదు. అక్కడ చెప్పాడు చిన్నాయన. గని సంగతి నాకు తెలుసు గానీ ఈ ముక్క నాకూ అప్పుడే తెలిసింది. "రాళ్లు పడినాక నేనొక పక్క, నా జతగాడొక పక్క. మధ్యలో బండ. వాడు రాయితో మూడుసార్లు కొడితే నేను మూడుసార్లు కొట్టాల. ఉన్నామని ఒకరికొకరం చెప్పుకున్నట్టు. మద్దేనం దాకా కొట్టుకున్నాం. ఆ యాళకు నాకు కన్ను మూతపడింది. ఎంతసేపో తెలీదు. లేచి కొడితే అవతల్నుంచి ఏమీ రాలా. నేను పలక్కపోయేసరికి పోయినాననుకోని ఉంటాడు. తానొక్కడే మిగిలినాననుకోని పోయినాడు వాడు."

చిన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, మామూలుగా సంతలో గొడవపడే గొంతుతో మొదలుపెట్టింది. "ఈ మాట చెప్పేదానికి ఆరేండ్లా? గనిలో పనిచేసినావని తెలిస్తే నిన్నిడిసి పుట్టింటికి పోతాననుకున్నావా?" ఆయన గొణిగాడు, "మీ నాయన..." అని. "మా నాయన సంగతి మా నాయనకు. నీతో సినిమాకొచ్చేది నేనా, మా నాయనా?" అని, నా వైపు తిరిగి, "నీకు వడలు అరిగినాయా?" అంది. రాయించింది తనే అయినా, రాసింది నేనే కదా. నేను అక్కడే, ఆ సోడా బండి దగ్గరే భోరుమని ఏడ్చాను. సోడా కొట్టే ఆయన నాకు నాలుగోది ఊరికే ఇచ్చాడు.

"పదండి లోపలికి" అంది చిన్నమ్మ చివరికి. "ఆ పిల్ల ఇంకా మాళిగలోనే ఉంది."

లోపల ఇంకా కొడుతూనే ఉంది ఆ పిల్ల. చిన్నాయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చిన్నమ్మ ఆయన్ను కూర్చోబెట్టి, ముందు కుర్చీ మీద మూడుసార్లు తట్టి, తెర వైపు చూస్తూ గట్టిగా చెప్పింది. "ఉండు తల్లీ, వస్తాండారు. మీ అన్న బయల్దేరినాడు." మళ్లీ నవ్వారు జనం. ఆమె లెక్కచేయలేదు. ఆ తర్వాత ఏ సినిమాలో ఎవరు తలుపు కొట్టినా చిన్నమ్మ జవాబు చెప్పేది. ఏడాది తిరిగేసరికి ఆడవాళ్ల వైపు నుంచి ఇంకో నాలుగు గొంతులు "ఉండమ్మా, వస్తాండారు" అని కలిసేవి. నా ఉద్యోగం ఊడింది. ఇక పేర్ల నుంచి శుభం దాకా ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూసిన మొట్టమొదటి సినిమాలో, చిన్నమ్మ రెండో పాటకే ఆయన భుజం మీద నిద్రపోయింది. ఆయన మాత్రం కదలకుండా శుభం దాకా కూర్చున్నాడు.

పోయిన ఆదివారం సిరీస్‌లో పోలీసమ్మాయిని కారు డిక్కీలో వేసి మూసేశారు. లోపల్నుంచి కొట్టడం మొదలుపెట్టింది. "ముందుకు జరపనా తాతా?" అని మనవరాలు రిమోట్ అందుకుంది. ఆయన వద్దన్నాడు. చిన్నమ్మకు రెండేళ్లుగా చెవులు వినపడవు. టీవీకి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. చిన్నాయన కాసేపు ఆమె జవాబు కోసం చూశాడు. తర్వాత ముందుకు వంగి, ఆమె కుర్చీ చెయ్యి మీద వేళ్లతో మూడుసార్లు తట్టాడు. వినపడకపోయినా చెక్కలోంచి తెలిసినట్టుంది, ఆమె తలెత్తి, వెనక్కి తిరిగి తెర చూసి, ఇల్లదిరేలా అంది. "ఉండమ్మా, వస్తాండారు!"

మనవరాలు నవ్వింది. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఒక మధ్యాహ్నం కాసేపు కన్ను మూతపడినందుకు ఆయన యాభై ఏళ్లుగా జవాబు చెబుతూనే ఉన్నాడు. ఆ యాభై ఏళ్లలో ఎక్కువ భాగం, ఆయన తరఫున తట్టింది చిన్నమ్మే.