కనపడని గ్రహణానికి పట్టింపు లేదు

2018 జనవరి 31న సంపూర్ణ చంద్రగ్రహణం. అప్పుడు నేను మదురైలో ఒక తమిళ దినపత్రికకు చీఫ్ ఫొటోగ్రాఫర్‌ని. ఏజెన్సీ పంపే బొమ్మ ఏ ఊరి చంద్రుడిదో ఎవరికి తెలుసు, మన జిల్లా కొండ మీద మన చంద్రుణ్ణే తెస్తానని మీటింగులో గొప్పలు పోయి, మొదటి పేజీ పై సగం నా బొమ్మకే అట్టిపెట్టించాను. కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి. సరుకు రాకముందే అమ్మేయడం మా ఇంటి విద్య. తేలేకపోతే అక్కడ ఏజెన్సీ బొమ్మే పడుతుంది, ఆపైన ఆఫీసులో నా మాట చెల్లదు.

ఆ రోజు చంద్రుడు ఉదయించేసరికే గ్రహణంలో ఉంటాడు. మసక ఇటుక రంగు కాబట్టి సంధ్య వెలుగు పోయేదాకా కంటికి ఆనడు. షట్టర్ సెకను పైనే తెరిచి ఉంచాలి. ఆ లోపు కెమెరా ఇసుమంత కదిలినా బొమ్మ చెదురుతుంది. అన్నిటికంటే ముందు తూర్పు తెరిపిగా ఉన్న ఎత్తు కావాలి. మేలూరు దాటాక, రాయి కోయగా మెట్లు మెట్లుగా మిగిలిన కొండకు ఎదురుగా అలాంటి మేడ ఒకటే దొరికింది. ఇంటి పెద్ద అలమేలమ్మ, మన తెలుగావిడే. నా తెలుగు వినగానే కాఫీ ఇచ్చింది. మేడ తాళం మాత్రం ఇవ్వలేదు.

"గ్రహణంలో మాడి మింద నిలబడేదా? పట్టేటప్పుడు ఒకతూరి, విడిచేటప్పుడు ఒకతూరి తలకు పోసుకునేదుంటే ఎక్కు."

రెండు చెబితే ఒకటికి దించడం నాకు అలవాటు.

"కనపడని గ్రహణానికి పట్టింపు లేదంటారు కదా అవ్వా. చంద్రుడే కనపడలేదు, ఇంకేం పట్టు?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "సరిప్పా. కనపడేదాకా నీకు ఏ పట్టింపూ లేదు. కనపడిన నిమిషం దిగొచ్చి తలకు పోసుకోవాల. ఒప్పుకుంటివా?"

ఒప్పుకున్నాను. సగం మెట్లెక్కాక గానీ తెలియలేదు, నాకు కావలసింది సరిగ్గా ఆ నిమిషమేనని.

చీకటి చిక్కబడ్డాక లెన్స్‌లో కొండ అంచున ఎర్రటి మరక తేలింది. కింద నుంచి కేక వచ్చింది: "యేమ్రా, కనపడిండాదా?"

లేదంటే చెల్లేదే, ఆవిడ చూపు అంతదూరం ఆనదు. కానీ ఒప్పుకున్న బేరం.

"కనపడింది అవ్వా! దిగితే కొండ వదిలి పైకి పోతాడు. నీళ్లే ఇక్కడికి రానీ!"

"దిగి రా అంటి కదరా?"

"తలకు పోసుకోవడం ముఖ్యం. ఎక్కడైతేనేం?"

"కండిప్పా, సత్తెంగా కోమటి కొట్లో పెరిగినోడివే!" అంటూ గోడ పట్టుకుని బిందెతో ఎక్కివచ్చింది. "నీ వల్ల నేనూ గ్రహణంలో నిలబడితి."

స్టాండు మీది కెమెరాకు ప్లాస్టిక్ సంచి తొడిగి, దూరంగా పిట్టగోడ పక్కన కూర్చున్నాను. బిందెడు నీళ్లూ నెత్తిన గుమ్మరించింది. వణుకు పట్టుకుంది. వణికే చేత్తో బటన్ నొక్కితే అంతే సంగతులు. సంచి తీసి, సెల్ఫ్ టైమర్ పెట్టి, చేతులు చంకల్లో దోపుకుని పక్కకు నిలబడ్డాను. మొదటి రెండూ చెదిరాయి. మూడోది నిలిచింది: మెట్ల కొండ, దాని మీద ఎర్రటి చంద్రుడు. అక్కడి నుంచే ఆఫీసుకు పంపాను. పై సగంలో అదే పడింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎక్కడ అనుమతి అడిగినా, ఎదుటివారు ఇస్తారా లేదా అన్నది రెండో ప్రశ్న. నేను షట్టర్ నొక్కే వేళకు ఆ ఒప్పందం నన్ను ఎక్కడ నిలబెడుతుందన్నది మొదటిది.