తాజుద్దీన్ కడగని కుండ

ఆలేరు స్టేషన్ వెనక వీధిలో తాజుద్దీన్ అంత శుభ్రమైన మనిషి ఇంకొకడు లేడు. రంగులద్దేవాడికి శుభ్రమేమిటని నవ్వకండి. పొద్దంతా గుడ్డలకు డబ్బాల్లో వచ్చే రసాయన రంగు వేసి, సాయంత్రం పీపాలన్నీ సోడాతో తోమి బోర్లిస్తేగానీ టీ ముట్టేవాడు కాదు. ఆ తోమిన నీళ్లు ఎటు పోతున్నాయో మాత్రం ఇరవై ఏళ్లలో ఒక్కనాడూ చూసినవాడు కాదు. చూపించింది పక్కింటి లీలమ్మ. తొంభై ఐదు ఎండాకాలంలో, తన చేదబావి నీళ్లు చెంబెడు తెచ్చి అతని ముందు పెట్టింది. నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి.

"తాగు తమ్మీ. మేం దినాం తాగుతనే ఉన్నం, నువ్వొక్కపూట తాగరాదు?"

తాజుద్దీన్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గులో, గల్లీ అంతా వింటుండగా నోరు జారాడు. "అక్కా, ఇయ్యాల్టి సంది డబ్బా రంగు ముట్ట. ముడితే దుకాణం బంద్ పెట్టి భీవండి పోయి కూలికి మగ్గం నడుపుకుంట!"

మాట ఇవ్వడం ఎంతసేపు! ఇక చెయ్యాలిగా. తండ్రి బతికున్నప్పుడు ఇంట్లో నీలిమందు అద్దకం ఉండేది. డబ్బా రంగులొచ్చాక ఆ పెద్ద కుండ మూలకు చేరింది. తాజుద్దీన్ దాన్ని దులిపి, పెరట్లో మెడదాకా పాతాడు. సరిగ్గా ఆ వారమే హైదరాబాద్ నుంచి అమరేందర్ దిగాడు. కొండలెక్కేవాళ్లకూ అడవుల్లో తిరిగేవాళ్లకూ నూలు జాకెట్లు కుట్టించే కంపెనీ మనిషి. వాటిని కొనే విదేశాలవాళ్లు కొన్ని డబ్బా రంగులు వద్దంటున్నారట.

"చెట్టు నుంచొచ్చిన రంగు గావాలె. ఎండకు వెలిసిపోవద్దు, వానకు కారొద్దు. నెలకు మళ్లొస్త, ఒక్క తాను గుడ్డ అద్ది చూపెట్టు. నిలిచిందంటే ఏడాదంతా నీకే పని," అన్నాడు.

తాజుద్దీన్ గాల్లో తేలిపోయాడు. సున్నం, నీలిమందు, అది పులియడానికి బెల్లం, ఉడికించిన తగిరిస గింజలు, తండ్రి వేయగా చూసినవన్నీ వేశాడు. భార్య షరీఫా చేతులు పడిపోయేలా నీళ్లు మోసింది. ఆరో రోజు గుడ్డ ముంచితే ఏదో మాసిన నీలం, పిండితే ఆ కాస్తా నీళ్లపాలు. పారబోసి, తోమి, మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే కథ. మూడోదీ అంతే. పద్దెనిమిది రోజులు గంగలో కలిశాయి. "భీవండికి బట్టలు సదరాల్నా?" అని షరీఫా మెల్లగా అడిగింది. వేళాకోళం చేసినా బాగుండేది. నిజంగానే అడిగిందాయె!

మర్నాడు పొద్దున్నే, కొల్లాపూర్‌లో కూతురింటికి వెళ్లిన తల్లి అజీజా బేగం తిరిగొచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల ముసలమ్మ సంచీతో పెరట్లోకి వచ్చేసరికి, కొడుకు సోడా, పీచు పట్టుకుని కుండలోకి సగం దూరి ఉన్నాడు. సంచీ కింద పడింది.

"హాయ్ అల్లా! ఏం జేస్తున్నవ్‌ర బేవకూఫ్?"

"కుండ కడుగుతున్న అమ్మీ. రంగు తేలకుంటే కడిగి మళ్ల పెడుతున్న. మూడుసార్లాయె."

"మీ అబ్బాజాన్ గా కుండను ఇరవై రెండేండ్లు కడగలే! గది పెరుగు అసొంటిది బేటా. తోడు పారబోసి, పెరుగేదని ఏడిస్తె యాడికెళ్లొస్తది?"

డబ్బా రంగు గంటలో పడుతుంది. గంటల్లో పని చూసినవాడికి ఆరు రోజులే ఆరేళ్లయ్యాయి. పైగా ఆ పాడు శుభ్రం! ముసలమ్మ వంగి, అడుగున మిగిలిన మడ్డి తీసి వాసన చూసింది, నాలుక కొసకు అంటించుకుంది.

"జాన్ ఉన్నది, ఇంక పానం పోలే," అంది. "పీచు అవతల పారెయ్. ఇగ దీని జోలికొస్తె చేతులిరగ్గొడత."

ఆ మడ్డి మీదే కుండలో కొత్తగా నీలిమందు కలిపారు. పొద్దున కాస్త బెల్లం, సాయంత్రం తగిరిస నీళ్లు, కర్రతో ఒక్కటంటే ఒక్క తిప్పు. ఇక ఆ కంపు, అబ్బబ్బ! మన శుభ్రమైన మనిషి ముక్కు మూసుకుని అన్నం తిన్నాడు. గోడ అవతల నుంచి లీలమ్మ కేకేసింది, "మీ ఇంట్ల ఏం సచ్చింది తమ్మీ?"

"సావలే అక్కా, బతుకుతాంది!"

తొమ్మిదో రోజు కుండ మీద రాగి రంగు పొర కట్టింది, మధ్యన నీలి నురగ లేచింది. తాజుద్దీన్ గుడ్డ తాను ముంచి తీశాడు. నీలం కాదు, ఆకుపచ్చ! ఇదీ పోయిందనుకుని గుడ్డ అవతల పడెయ్యబోయాడు. "ఆగు, జర గాలి పీల్చనియ్," అంది అమ్మీ. చూస్తుండగానే అంచుల నుంచి నీలం పాకింది, తాను తానంతా ముదురు నీలమైంది. షరీఫా కెవ్వున అరిచింది. నలభై రెండేళ్ల తాజుద్దీన్ పెరడంతా గంతులేశాడు.

అమరేందర్ గడువుకు వచ్చి తాను పట్టుకెళ్లాడు. ఔననలేదు, కాదనలేదు. పదిహేను రోజులు ఎండబెట్టి చూస్తానన్నాడంతే. ఆ పదిహేను రోజులూ తాజుద్దీన్ రైలు కూత వినబడ్డప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి చూశాడు. ఆషాఢంలో, జోరువానలో, స్టేషన్ వైపు నుంచి ఒక మనిషి తడిసి ముద్దయి నడిచొచ్చాడు. ఒంటి మీద ఆ గుడ్డతోనే కుట్టిన నీలి జాకెట్. అమరేందర్ గుండీలు విప్పి జాకెట్ తీశాడు. లోపలి చొక్కా తెల్లగా, మల్లెపువ్వులా ఉంది.

"ఒక్క బొట్టు కారలే తాజుద్దీన్ భాయ్! గొడుగుండి గూడ తెరవలే!"

మళ్లీ ఎండాకాలం వచ్చింది. లీలమ్మ చెంబుతో వచ్చి, అదే చోట నిలబడి, "తాగు," అంది. నీళ్లలో చెంబు అడుగు కనబడుతోంది. తాజుద్దీన్ గటగటా మొత్తం తాగేశాడు.

"ఎట్లున్నయి?"

"జర ఉప్పగున్నయక్కా."

"మొదటి సంది గంతే ఉన్నయి. ఇరవై ఏండ్లు పక్కన ఉండి ఒక్క చుక్క తాగినవా, నీకెట్ల తెలుస్తది?"

తాజుద్దీన్ ఖాళీ చెంబు ఆమెకే చాచాడు. "ఇంకో చెంబు పొయ్యక్కా," అన్నాడు.