భీమ్‌గల్ శాసనానికి పసుపు పూసిన రోజు

అరువు సొమ్ము బరువు చేటంటారు. నేను అరువు తెచ్చింది సొమ్ము కాదు, ఏకంగా ఒక శాసనం. దాంతో రెండు ఊళ్ల చరిత్ర సంఘాల స్నేహాన్ని శాశ్వతంగా చెడగొట్టబోయాను, వినండి.

అప్పుడు నేను ఆర్మూరు సంఘానికి కొత్త కార్యదర్శిని. భీమ్‌గల్ సంఘంతో కలిసి మొదటి ఉమ్మడి ప్రదర్శన పెట్టాలన్నది నా ఆలోచనే. వాళ్ల అధ్యక్షుడు, రిటైరైన టీచరు, పొలంలో దొరికిన శాసనాన్ని అప్పగిస్తూ, "జర పెచ్చు లేచినా మన దోస్తానా ఖతం" అన్నాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, నా పానం లెక్క చూస్కుంట."

రాయిని మా ఆఫీసు ముందు వేపచెట్టు కింద నిలబెట్టించాను. అక్షరాలు కనపడవే! లోకంలో ఎవరైనా పిండో సుద్దపొడో రుద్దుతారు. నేను పసుపు పండే ఊరివాణ్ణి కదా, ఇంట్లోంచి డబ్బాడు పసుపు తెచ్చి, తడిపి నిండా పూశాను. అక్షరాలు బ్రహ్మాండంగా తేలాయి. నా తెలివికి నేనే మురిసిపోయి చాయ్ తాగడానికి వెళ్లాను.

వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి! మీకు తట్టింది కదూ? నాకు తట్టలేదు.

తిరిగొచ్చేసరికి రాయికి కుంకుమ బొట్లు, ముందు కొబ్బరిచిప్పలు, ఊదుబత్తుల పొగ. పక్క గల్లీ ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. పరుగున వెళ్లి మధ్యలో దూరాను.

"అమ్మా, అది శాసనమమ్మా!"

"ముందుగాల చెప్పులిడిసి మాట్లాడు బిడ్డా" అంది వాళ్లలో పెద్దావిడ గంగవ్వ.

"మళ్ల భీమ్‌గల్ పంపాలె..."

"అమ్మను పంపుతవా? కండ్లు పోతయ్!"

రాజీనామా ఇద్దామా, నిజామాబాద్ బస్సెక్కి పారిపోదామా అని తేల్చుకునేలోపే భీమ్‌గల్ సారు రానే వచ్చాడు.

"శాసనమేది?"

"సార్... జర చెప్పులిడువుండ్రి."

చూశాడు. ముఖం కందగడ్డయింది. "ఏం జేసినవయా! గిది మా భీమ్‌గల్‌ది. ఇప్పుడే తీస్కపోత!"

అయిపోయింది, సంఘాలూ పోయాయి, నా పరువూ పోయింది అనుకున్నాను. గంగవ్వ కొంగు బిగించి ముందుకొచ్చింది.

"మీదేనా అన్నా? అంటే మా అమ్మకు భీమ్‌గల్ పుట్టినిల్లన్నట్టు."

"అవ్... గట్లనే అనుకో."

"మరి ఆడిబిడ్డ ఇంటికి ఉత్త చేతులతోని అచ్చినవా? చీరేది? ఒడిబియ్యమేవి? సిగ్గనిపిస్తలేదా?"

సారు నన్ను పక్కకు లాగాడు. మెల్లగా నా చెవిలో, "చీరల దుకాణం యాడుందయా?" అన్నాడు.

పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోశాక ఆడబిడ్డ అత్తారింట్లోనే ఉంటుందని గంగవ్వ తీర్పు చెప్పింది. ఇప్పుడు ఏటా భీమ్‌గల్ సంఘమంతా చీర, బియ్యం పట్టుకుని వస్తుంది. మేం భోజనాలు పెడతాం. ఉమ్మడి సమావేశం ఆ తర్వాతే.

ఇకమీదట ఏ ఊరి రాయినీ పసుపు చేత్తో ముట్టనని ఆర్మూరు ప్రజల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరూ నమ్మడం లేదు. మొన్న నందిపేట సంఘాన్ని వాళ్ల శాసనం అడిగితే, "మా బిడ్డను మీకియ్యం" అనేశారు.